థైరాయిడ్ మందగించినప్పుడు ఏ సప్లిమెంటు పనికొస్తుంది, ఏది అడ్డుపడుతుంది

మీరు రాసిన వివరాలు ఇవి. వయసు 33, ఉండేది కూకట్‌పల్లిలో. టీఎస్‌హెచ్ 9.4, ఫ్రీ టీ4 మామూలు పరిధిలోనే ఉన్నా అడుగు అంచున ఉంది, యాంటీ టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ. డాక్టరు గారు 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ రాశారు, మీరు ఇంకా మొదలుపెట్టలేదు. జీవితాంతం మాత్ర వేసుకోవాలేమోనన్న భయంతో అశ్వగంధ, సెలీనియం, అయోడిన్ చుక్కలు, జుట్టు కోసం బయోటిన్, వాటితోపాటు ఐరన్, క్యాల్షియం కొన్నారు. అత్తగారు పరగడుపున ధనియాల కషాయం ఇస్తున్నారు. వీటితో మూడు నెలలు ప్రయత్నించి చూడవచ్చా అని అడిగారు. చివర్లో, వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటున్నామని ఒక్క వాక్యం రాశారు.

ఆ ఒక్క వాక్యాన్ని బట్టే నా సమాధానం: మూడు నెలలు ఆగవద్దు. మాత్ర మొదలుపెట్టండి. మీరు కొన్నవాటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని పక్కన పెట్టాలి, ఒకటి మాత్రం ఈరోజే మానేయాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను నగరంలోని ఒక ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగంతో కలిసి పనిచేసే క్లినికల్ ఫార్మసిస్టును. డోసు నిర్ణయించడం వైద్యుల పని. ఆ మందు ఏ ఆహారంతో, ఏ ఇతర మాత్రతో పొసగదో చూసి రోగికి చెప్పడం నా పని. మీలా సంచీ నిండా సీసాలతో వచ్చేవారు చాలామంది. 2013లో ప్రచురితమైన ఎనిమిది నగరాల అధ్యయనంలో హైదరాబాద్ కూడా ఉంది. అందులో పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉన్నట్టు తేలింది. కాబట్టి ఈ విషయంలో మీరు ఒంటరి కాదు.

ముందు మీ రిపోర్టు ఏం చెబుతోందో చూద్దాం. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే సంకేతం అది. థైరాయిడ్ చాలినంత హార్మోన్ ఇవ్వకపోతే పిట్యూటరీ మరింత గట్టిగా తలుపు తడుతుంది, ఆ తట్టుడే రిపోర్టులో పెద్ద అంకెగా కనిపిస్తుంది. సాధారణంగా 0.4 నుంచి 4.5 వరకు మామూలుగా భావిస్తారు. మీది 9.4. థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్ టీ4, అంటే థైరాక్సిన్, ఇంకా పరిధి దాటి పడిపోలేదు. దీన్ని సబ్‌క్లినికల్ దశ అంటారు. యాంటీ టీపీఓ ఎక్కువగా ఉండటం కారణాన్ని చెబుతోంది: మీ రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద నెమ్మదిగా దాడి చేస్తోంది. జపాన్ వైద్యుడు హకరు హషిమోటో 1912లో మొదట వర్ణించిన జబ్బు ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. అయోడిన్ లోపం వల్ల వచ్చే గాయిటర్ (మెడ దగ్గర గ్రంథి వాపు) వేరు, ఇది వేరు. మిగతా సమాధానమంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

కషాయంతో తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. టీఎస్‌హెచ్ 5, 6, 7 దగ్గర ఉన్నవారిలో చాలామందికి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఏ మందూ లేకుండానే అంకె మామూలుకు వస్తుంది. జ్వరం వచ్చి తగ్గాక, కాన్పు తర్వాత కొన్ని నెలలు, ఒక్కోసారి ఏ కారణమూ తెలియకుండానే టీఎస్‌హెచ్ కాస్త పెరిగి దానంతటదే దిగుతుంది. ఆ రెండు నెలలు ఎవరు ఏది తాగితే పేరు దానికే వస్తుంది. అందుకే మంచి వైద్యులు కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్‌ని చూడగానే మందు రాయరు, మళ్లీ ఒకసారి పరీక్ష చేయిస్తారు. మీ విషయం అలాంటిది కాదు. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో జనాన్ని 20 ఏళ్లపాటు గమనించినప్పుడు, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న స్త్రీలలో ఏటా సుమారు 4 శాతం మందికి పూర్తిస్థాయి హైపోథైరాయిడిజం (థైరాయిడ్ మందగింపు) వచ్చింది. మీలో ఆ రెండూ ఉన్నాయి, పైగా గర్భం ఆలోచన ఉంది.

ఇక ఈరోజే మానేయమన్నది అయోడిన్ చుక్కలను. గ్రంథికి అయోడిన్ కావాలన్నది నిజమే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. అయితే మన దేశంలో 2006 నుంచి అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదు. ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. ఆవకాయ, పప్పు, చారు, పెరుగన్నం అన్నీ కలిపితే మన తెలుగు ఇళ్లలో ఉప్పు ఎంత పడుతుందో మీకు తెలుసు. అయోడైజ్డ్ ఉప్పు వాడే ఇంట్లో పెద్దవాళ్లకు అయోడిన్ లోటు రావడం కష్టం. గాఢమైన అయోడిన్ ద్రావణంలో ఒక్క చుక్కలోనే వేల మైక్రోగ్రాములు ఉంటాయి. రోజుకు 1,100 దాటకూడదన్నది సురక్షిత పరిమితి. హషిమోటో ఉన్న గ్రంథికి ఒక్కసారిగా అంత అయోడిన్ అందితే హార్మోన్ తయారీ ఇంకా పడిపోవచ్చు, యాంటీబాడీల దాడీ పెరగవచ్చు. కెల్ప్ అనే సముద్రపు నాచు గుళికలదీ ఇదే సమస్య. ఏ గుళికలో ఎంత అయోడిన్ ఉందో చాలా సీసాల మీద నమ్మకంగా చెప్పలేం.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కూడా ఈ మధ్య చాలా ఇళ్లలో కనిపిస్తోంది. ఆరోగ్యానికి మంచిదని గులాబీ రంగు ఉప్పుకో, సైంధవ లవణానికో పూర్తిగా మారిపోతున్నారు. వాటిలో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రాదు. పచ్చళ్లకు కల్లుప్పు వాడుకోండి, రోజువారీ వంటకు మాత్రం అయోడైజ్డ్ ఉప్పే వాడండి. మూత ఉన్న డబ్బాలో పెట్టి, పొయ్యి దించేముందు వేస్తే అయోడిన్ నష్టం తక్కువ.

సెలీనియం సంగతి కాస్త భిన్నం. థైరాయిడ్ విడుదల చేసే టీ4ని కణాలు వాడుకునే టీ3గా మార్చే ఎంజైములకు సెలీనియం అవసరం. హషిమోటో ఉన్నవారికి రోజూ 200 మైక్రోగ్రాములు ఇచ్చిన పలు పరీక్షల్లో యాంటీబాడీలు తగ్గాయి. అంతమాత్రాన అలసట తగ్గిందని, థైరాక్సిన్ మాత్ర అవసరం తప్పిందని గట్టిగా తేలలేదు. రిపోర్టులో అంకె తగ్గడం వేరు, మనిషి బాగుపడటం వేరు. రోజుకు 55 మైక్రోగ్రాములు సరిపోతాయి, 400 దాటితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం వంటి విషలక్షణాలు మొదలవుతాయి. జుట్టు రాలుతోందని మొదలుపెట్టిన సప్లిమెంటే జుట్టు రాలడానికి కారణం కాకూడదు కదా. గుడ్లు, చేపలు, మాంసం తినే ఇంట్లో సెలీనియం మామూలుగా అందుతుంది. బేగంబజార్‌లో, సూపర్‌మార్కెట్లలో దొరికే బ్రెజిల్ నట్స్ ఒక్కటి తింటేనే ఒక రోజుకు సరిపడా రావచ్చు. వాటిని పిడికెడు చొప్పున తినవద్దు. మీరు కొన్న సీసా వాడాలనుకుంటే డాక్టరు గారికి చూపించి, ఎంత మోతాదు, ఎన్నాళ్లు అని అడిగి వాడండి. గర్భం ఆలోచన ఉన్నప్పుడు సొంతంగా 200 మైక్రోగ్రాములు వద్దు.

నా దృష్టిలో మీ సంచీలో అన్నిటికన్నా విలువైనది ఐరన్. దాని గురించి ఎవరూ ఉత్సాహంగా వీడియోలు చేయరు. థైరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసే టీపీఓ ఎంజైమ్ ఇనుము లేకుండా పనిచేయదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉంది. అలసట, జుట్టు రాలడం, చలి ఎక్కువగా అనిపించడం, ఆయాసం ఇవన్నీ ఇనుము తక్కువైనా వస్తాయి, థైరాయిడ్ తక్కువైనా వస్తాయి. థైరాక్సిన్ సరిగ్గా వేసుకుంటున్నా నీరసం పోలేదని వచ్చేవారిలో ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేస్తే చాలాసార్లు అసలు కారణం బయటపడుతుంది. బీ12, విటమిన్ డి కూడా చూడాలి. శాకాహారులకు బీ12 లోటు మామూలు. ఎండ ఇంత కాసే ఊళ్లోనూ ఆఫీసులో ఉదయం నుంచి రాత్రి వరకు ఏసీ గదిలో కూర్చునేవారికి విటమిన్ డి లోటు మామూలే. హషిమోటో ఉన్నవారిలో కడుపు పొరను దెబ్బతీసే మరో ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక వ్యవస్థే సొంత ఒంటి మీద దాడి చేసేది) కూడా కొందరికి ఉంటుంది, దానివల్ల బీ12, ఐరన్ రెండూ ఒంటబట్టవు. కాబట్టి ఈ మూడు పరీక్షలు చేయించండి. లోటు ఉంటే పూడ్చండి, లేకపోతే ఊరికే మింగవద్దు. సప్లిమెంటు లోటును పూడ్చుతుంది, హార్మోన్‌కు బదులు నిలవదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే దుకాణంలో ఏ సీసా చూసినా మీరే నిర్ణయించుకోగలరు.

బయోటిన్ విషయంలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. అది థైరాయిడ్‌ను ఏమీ చేయదు, రక్తపరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. చాలా ల్యాబుల్లో హార్మోన్లను కొలిచే రసాయన పద్ధతిలో బయోటిన్ కూడా ఒక భాగం. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే యంత్రం టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించవచ్చు. అంటే జబ్బు అలాగే ఉండగా రిపోర్టు మాత్రం అందంగా వస్తుంది. దాన్ని చూసి డాక్టరు డోసు తగ్గించే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రోజువారీ అవసరం 30 మైక్రోగ్రాములు కాగా, జుట్టు మాత్రల్లో 10,000 వరకు ఉంటోంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ల్యాబులో, డాక్టరు గారికి ఆ సంగతి చెప్పాలి. అసలు బయోటిన్ లోపం లేనివారికి అది జుట్టు పెంచుతుందనడానికి మంచి ఆధారం లేదు, కాబట్టి పూర్తిగా మానేసినా మీకు నష్టం లేదు.

అశ్వగంధను కొట్టిపారేయను, ఎందుకంటే దాని మీద నిజంగానే ఒక పరీక్ష జరిగింది. సబ్‌క్లినికల్ దశలో ఉన్న 50 మందితో చేసి 2018లో ప్రచురించారు. 8 వారాలపాటు రోజుకు 600 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో టీఎస్‌హెచ్ తగ్గింది. 50 మంది, 8 వారాలు అంటే చాలా చిన్న పరీక్ష, దాని మీద జీవితకాలపు చికిత్సను నిలబెట్టలేం. మరోవైపు అశ్వగంధ వేసుకుని థైరాయిడ్ హద్దుమీరి గుండెదడతో వచ్చినవారు, కాలేయం దెబ్బతిన్నవారు వైద్య పత్రికల్లో నమోదయ్యారు. థైరాక్సిన్‌తో కలిపి వాడితే ఏది ఎంత పని చేస్తోందో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గర్భంలోనూ గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడూ అది వద్దు. కాంచనార గుగ్గులు కూడా ఇంతే, ఆయుర్వేదంలో మెడ గ్రంథులకు వాడతారు గానీ థైరాక్సిన్ స్థానాన్ని తీసుకుంటుందని నిరూపణ లేదు. ఆయుర్వేద వైద్యుల దగ్గరికి వెళ్లాలనుకుంటే తప్పకుండా వెళ్లండి, మీ రిపోర్టులూ థైరాక్సిన్ సంగతీ దాచకుండా చెప్పండి. పేరు లేని పొడులు, ఇంటర్నెట్‌లో ‘థైరాయిడ్ సపోర్ట్’ అని అమ్మే గుళికలు మాత్రం వద్దు. అమెరికాలో అలాంటి వాటిని పరీక్షిస్తే చాలావాటిలో లేబుల్ మీద రాయని అసలు థైరాయిడ్ హార్మోనే దొరికింది.

అత్తగారి ధనియాల కషాయం గురించి ఇంట్లో గొడవ పెట్టుకోకండి. అది హార్మోన్‌ను పెంచదు, హానీ చేయదు. సమయం ఒక్కటే మార్చండి: పరగడుపు సమయం మాత్రకు ఇచ్చేసి, కషాయం గంట తర్వాత తాగండి. ఆమె ప్రేమగా ఇస్తున్నది కాదనాల్సిన అవసరం లేదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానేశామని చాలామంది చెబుతారు. ఆ కష్టం అనవసరం. వాటిలో అయోడిన్‌ను అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి గానీ ఉడికిస్తే చాలావరకు పోతాయి, మనం వాటిని పచ్చిగా కిలోలకొద్దీ తినం. చిరుధాన్యాల మీద మాత్రం ఒక మాట చెప్పాలి. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్న నగరం మనది, 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఇక్కడ ప్రతి వీధిలో వాటి దుకాణాలు వెలిశాయి. మంచి ఆహారమే. కానీ సజ్జల్లో టీపీఓ ఎంజైమ్‌ను అణిచే పదార్థాలు ఉన్నాయి. సజ్జలే ప్రధాన ఆహారమై అయోడిన్ కూడా తక్కువగా ఉన్న సూడాన్ ప్రాంతాల్లో గాయిటర్‌కు అవీ ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. వారానికి రెండు మూడుసార్లు సజ్జ రొట్టె తింటే భయం లేదు. అన్నం, గోధుమ మానేసి మూడు పూటలా సజ్జలే తినే పద్ధతి మాత్రం మీకు సరిపడదు. సోయా పాలు, సోయా పొడి వాడితే మాత్రకు కొన్ని గంటల దూరంలో ఉంచండి.

మాత్ర విషయానికి వస్తాను, మీ భయమంతా అక్కడే ఉంది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఇలాంటి రోగిని బతికించాడు. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ జంతువుల థైరాయిడ్ గ్రంథుల నుంచి థైరాక్సిన్‌ను వేరుచేశాడు. తర్వాత దాని నిర్మాణం తెలిసి ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. మీ సీసాలో ఉన్నది మీ గ్రంథి తయారుచేసే అణువే, అణువణువూ అదే. అలవాటు పడే మందు కాదు, గ్రంథిని సోమరిని చేసేదీ కాదు. డోసు సరిగ్గా ఉంటే దానివల్ల దుష్ఫలితాలు దాదాపు ఉండవు. డోసు ఎక్కువైతే గుండెదడ, ఎముకలు గుల్లబారడం వస్తాయి, అందుకే పరీక్షలు. కొందరు పంది థైరాయిడ్ పొడి మాత్రలను విదేశాల నుంచి తెప్పించుకుంటారు. వాటిలో మన శరీరంలో ఉండే పాళ్లకు మించి టీ3 ఉంటుంది. గర్భిణులకు అవి పనికిరావు, ఎందుకంటే బిడ్డ మెదడుకు చేరాల్సింది తల్లి టీ4.

ఎలా వేసుకుంటారన్నది ఎంత డోసు అన్నంత ముఖ్యం. నిద్ర లేవగానే మంచినీళ్లతో మింగి, 30 నుంచి 60 నిమిషాలు ఏమీ తీసుకోకూడదు. టీ, కాఫీ కూడా వద్దు. హైదరాబాద్‌లో దీన్ని పాటించడం నాకు తెలిసి అన్నిటికన్నా కష్టమైన నియమం. మాత్ర నోట్లో వేసుకుని ఇరానీ చాయ్‌తో మింగేవారు డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగడం లేదని వస్తారు. ఉదయం కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకోవచ్చు, అదీ బాగా పనిచేస్తుంది. అయితే పదింటికి భోజనం చేసే ఇళ్లలో అది కుదరదు. రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవారు సహరీకి అరగంట ముందో, పడుకునేముందో వేసుకోవచ్చు. వరలక్ష్మీ వ్రతమైనా, కార్తీక సోమవారమైనా నీళ్లతో మాత్ర వేసుకోండి, ఉపవాసం రోజున మందు మానవద్దు. ఒకరోజు మరచిపోతే కంగారు వద్దు, థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. గుర్తొచ్చినప్పుడు ఖాళీ కడుపున వేసుకోండి. గుండెజబ్బు లేనివారు మర్నాడు రెండు కలిపి వేసుకున్నా ఇబ్బంది ఉండదు.

సీసాను పొయ్యి పక్క అలమరలో, ఎండలో నిలిపిన కారులో పెట్టవద్దు. వేడి, తేమ, వెలుతురు మూడింటికీ ఈ మందు చెడుతుంది, మన ఏప్రిల్, మే నెలల్లో మరీ త్వరగా. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు గానీ నెలకొకటి మార్చవద్దు. మార్చాల్సి వస్తే 6–8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. డోసు మారినప్పుడూ అదే గడువు, అంతకన్నా ముందు పరీక్షిస్తే అంకె స్థిరపడి ఉండదు. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. ప్రైవేటు ల్యాబు ఖర్చు భారమైతే బస్తీ దవాఖానాలో రక్తం ఇవ్వవచ్చు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా థైరాయిడ్ పరీక్ష ఉచితంగా చేస్తారు. బరువు గురించి ముందే చెబుతున్నాను: థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి అయిదు కిలోలే, అందులో ఎక్కువ భాగం నీరు, ఉప్పు. మాత్రతో పది కిలోలు తగ్గుతాయని ఆశపడితే నిరాశే. మిగతాదానికి నడక, నిద్ర, తిండి చూసుకోవాల్సిందే.

ఇక రెండో బిడ్డ. గర్భం దాల్చిన మొదటి నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు. గర్భకాలం సగానికి దగ్గరయ్యే వరకు మెదడు ఎదుగుదలకు ప్రధానంగా మీ హార్మోనే ఆధారం. అందుకే టీఎస్‌హెచ్ 2.5 కన్నా కిందికి వచ్చాకే ప్రయత్నించమని వైద్యులు చెబుతారు. నెల తప్పిందని తెలిసిన రోజునే ఫోను చేయండి, వచ్చే అపాయింటుమెంటు దాకా ఆగవద్దు. అప్పటికే మాత్ర వాడుతున్నవారికి డోసు 25–30 శాతం పెంచాల్సి వస్తుంది. మొదటి సగంలో సుమారు నాలుగు వారాలకొకసారి పరీక్ష ఉంటుంది. అప్పుడు గర్భిణుల కోసం ఇచ్చే మల్టీవిటమిన్‌లో 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటే అది వేసుకోవచ్చు, చుక్కల సీసాకూ దానికీ పోలికే లేదు.

గర్భిణులకు ఐరన్, క్యాల్షియం కూడా రాస్తారు. ఈ రెండూ కడుపులో థైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు, నాలుగు గంటల ఎడం తప్పనిసరి. ఉదయం ఆరింటికి థైరాక్సిన్, మధ్యాహ్న భోజనం అయ్యాక నిమ్మరసంతో ఐరన్, రాత్రి భోజనంతో క్యాల్షియం. ఇప్పుడు మీరు కొన్న ఐరన్, క్యాల్షియంకూ ఇదే వేళ. ఫెరిటిన్, బీ12, విటమిన్ డి రిపోర్టులు వచ్చాక సీసాలన్నీ ఒక సంచీలో వేసుకుని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లండి. పేర్లు చెబితే మోతాదులు తెలియవు, లేబుళ్లు చూస్తేనే తెలుస్తాయి.